పాడనివాని పాటవము

*వేలకొలది కంఠములను ఒక్క శ్రుతిలో నిలుపు గాననాయకుడు స్వయముగా ఒక్క స్వరమైనను పాడడు. అట్టివారిని తరతరములుగా తయారుచేసికొన్న ఎస్తోనియా అను చిన్నదేశపు కథ ఇది.*

1969వ సంవత్సరపు వేసవి. బాల్టిక్ సముద్రపు గాలి సోకునంత చేరువలో, ఎస్తోనియా రాజధానియగు టాలిన్ నగరమున, ఏటవాలుగా దిగివచ్చు విశాలమైన పచ్చికబయలిపై జనము కిక్కిరిసి యుండెను. వారి కెదురుగా, కమాను కప్పుగల బ్రహ్మాండమైన వేదికపై, వేలకొలది గాయకులు జాతీయదుస్తులలో వరుసలుదీరి నిలిచియుండిరి. ఆ దేశమున గానోత్సవములు మొదలై నూరేండ్లు నిండిన సందర్భమది. నిర్ణీతమైన కార్యక్రమము ముగిసినది. లెనిన్‌ను, సోవియట్ మైత్రిని కీర్తించు పాటలన్నియు విధిగా పాడుట జరిగినది. ఇక గాయకులు వేదిక దిగి యిండ్లకు పోవలెను. వారు కదలలేదు.

ఏ మూలనుండియో ఒక పాట మొదలయ్యెను. నా జన్మభూమియే నా ప్రేమయని తాత్పర్యమువచ్చు ఆ గీతము అధికారులకు కిట్టని పాట. దిగిపొండని ఆజ్ఞ అయ్యెను, ఎవరును వినలేదు. ఆ గానమును ముంచివేయుటకై ఇత్తడివాద్యముల దండును బిగ్గరగా వాయింపుమనిరి. బూరలెన్ని యున్నను వేలకంఠముల ముందు అవి వినరాలేదు. పాట ముగిసెను, మరల మొదలయ్యెను, మరల ముగిసెను, మరల మొదలయ్యెను. తుదకు దిక్కుతోచని అధికారులు, ఇదంతయు తాము తలపెట్టినదేయన్నట్లు, ఆ పాటకు స్వరము కూర్చిన గుస్తావ్ ఎర్నెసాక్సును వేదికకు రప్పించి, ఆయన చేతనే మరియొకమారు పాడింపజేసిరని ఎస్తోనీయులు నేటికిని చెప్పుకొందురు.

చెప్పుకొనువారందరును ఆ ఘట్టమున ప్రభుత్వము తలవంచుటనే గొప్పగా చెప్పుదురు. నా కంతకంటె విస్మయము గొల్పునది వేరొకటి కలదు. ఎర్నెసాక్సు మెట్లెక్కి చేయి యెత్తుటకు ముందే ఆ వేలమంది ఆ గీతమును, ఒకరు ఒక వరుసను మరియొకరు వేరొక వరుసను పాడుచు, స్వరములు స్వరములతో పొసగునట్లు, కాలప్రమాణము చెడకుండ పాడుకొనిరి. వారిని నడుపుటకు ఎదుట ఎవరును లేరు. నడుపువాడు లేని క్షణమున గాయకులు ఏమి చేయుదురనునదే నడుపువాని శక్తికి అసలైన పరీక్షయైనచో, ఆ దేశపు గాననాయకులు ఆనాడు అందరి యెదుట ఉత్తీర్ణులైరి. ఆ నాయకు లెవరు? వారికి ఆ విద్య నేర్పిన దెవరు?

2025 జులైలో అదే ప్రాంగణమున జరిగిన ఉత్సవములో వానను లెక్కచేయక గొడుగులక్రింద, ప్లాస్టిక్ కోటులలో నిలిచి జనులు పాడిన దృశ్యములు ప్రపంచమంతటను ప్రచారమైన తరువాత, ఈ ప్రశ్న మరల పలువురి నోట వినవచ్చుచున్నది. పదమూడు లక్షల చిల్లర జనాభా గల దేశమునుండి ఒక్క పండుగకు ఇరువదివేలకు పైబడిన గాయకులు కూడుట ఎట్లు సాధ్యమగుచున్నది?

పంతుళ్లను తీర్చిన బడి

సమాధానము సంగీతభవనములలో దొరకదు, పల్లెబడులలో దొరకును.

పందొమ్మిదవ శతాబ్దారంభము వరకు ఎస్తోనీయ రైతు జర్మను భూస్వామికి కట్టుబానిస. రష్యా చక్రవర్తి యేలుబడిలోనున్న ఆ ప్రాంతమున ఉత్తరభాగమునందు 1816లోను, లివోనియా యనబడు దక్షిణభాగమునందు 1819లోను ఆ దాస్యము చట్టరీత్యా తొలగెను. అంతకుముందే, పదునెనిమిదవ శతాబ్దమున, మొరేవియన్ సోదరులను క్రైస్తవభక్తబృందమువారు రైతుల నడుమకు వచ్చి ప్రార్థనాగృహములలో పలువరుసల గానమును అలవాటు చేసియుండిరి. ఐనను భక్తి యొకటి, శిక్షణ యొకటి. ఆ శిక్షణకు ఒక రూపు కల్పించినవాడు యానిస్ సింజె అను లాత్వియా దేశీయుడు.

1839లో వల్మియెరా పట్టణమున మొదలై, పదేండ్లకు వల్కా పట్టణమునకు తరలిన ఉపాధ్యాయ శిక్షణాలయమునకు సింజె అధిపతి. అచ్చట లాత్వియా, ఎస్తోనియా పల్లెలనుండి వచ్చిన రైతుబిడ్డలు పంతుళ్లగుటకు చదువుకొనిరి. గణితమును భాషను నేర్చినట్లే వారు ఆర్గనును, వయొలినును, నాలుగువరుసల గానమును, గాయకబృందమును నడుపు పద్ధతిని నేర్వవలసియుండెను. సంగీతము రాని పంతులు పంతులే కాడని ఆ బడి యభిప్రాయము. చదువు ముగించి తమ పల్లెలకు మరలిన ఆ యువకులు పగలు పిల్లలకు ఓనమాలు దిద్దించి, ఆదివారము చర్చిలో ఆర్గను వాయించి, చలికాలపు సాయంకాలములందు పెద్దలను బడిలో కూర్చుండబెట్టి పాట నేర్పిరి. 1890లో ఆ శిక్షణాలయము మూతపడెను. అప్పటికి అర్ధశతాబ్దముగా అది పంపిన పంతుళ్లు రెండుజాతుల పల్లెలనిండ వ్యాపించియుండిరి.

1869లో తార్తు పట్టణమున తొలి గానోత్సవము జరిగినపుడు, లివోనియా రైతుల దాస్యవిమోచనకు ఏబదియేండ్లు నిండిన సందర్భముగా కూడిన ఆ గాయకులందరును పురుషులే. తొమ్మిదివందలకు లోపుగా ఉండిరి. పాడినవానిలో అధికభాగము జర్మను బాణీలే. ఎస్తోనీయుల సొంతమని చెప్పదగిన పాటలకు స్వరము కూర్చినవాడు అలెక్సాందర్ కునిలైద్ అను ఇరువదిమూడేండ్ల యువకుడు. అతడును సింజె బడిలో చదివి, ఆ బడిలోనే బోధించినవాడు! ముప్పదియేండ్లైనను నిండకుండ మరణించెను.

> తండ్రి పత్రిక, కూతురి పద్యము
>
> తొలి గానోత్సవమును తలపెట్టి నడిపినవాడు యోహాన్ వోల్డెమార్ యాన్సెన్ అను పత్రికా సంపాదకుడు. ఆయన కుమార్తె లిడియా కోయ్దులా (1843–1886) కవయిత్రి. జన్మభూమినిగూర్చి ఆమె వ్రాసిన గీతమును కునిలైద్ బాణీలో 1869లోనే పాడిరి. ఆ గీతమునకే రెండవ ప్రపంచయుద్ధకాలమున ఎర్నెసాక్సు క్రొత్తగా స్వరము కూర్చెను. 1947 ఉత్సవములో ఆ క్రొత్త బాణీ మొదటిసారి వినవచ్చెను. పిమ్మట నిషేధమునకు గురియయ్యెను. 1960లో గాయకులు అనుమతి లేకయే దానిని పాడిరి. నేటి ఉత్సవములు ఆ పాటతోనే ముగియుట ఆచారము.
>
> స్త్రీలు గాయకులుగా ప్రవేశించినది 1891లో, మిశ్రమబృందములు వచ్చినపుడు. 1894లో మీనా హార్మా అను ఆర్గను విద్వాంసురాలు గాననాయకత్వమే వహించెను. పీటర్స్‌బర్గు సంగీతకళాశాలలో చదివి వచ్చిన ఈమె స్వయముగా స్వరకర్త కూడ.

ఊపిరి ముందు, స్వరము తరువాత

గాననాయకుడు చేయి యెత్తగానే పాట మొదలగునని చూపరు లనుకొందురు. నిజమునకు చేయి లేచునపుడు మొదలగునది పాట కాదు, ఉచ్ఛ్వాసము. ఆ చేయి తొట్రుపాటుతో విసరినట్లు లేచినచో గాయకుల ఊపిరి రొమ్ము పైభాగముననే ఆగిపోయి, తొలిస్వరము కరకుగా బిగిసి వెలువడును. రాబోవు పాటయొక్క కాలప్రమాణములోనే, దాని భావములోనే ఆ చేయి నింపాదిగా లేచినచో నలుబదిమంది ఊపిరులును ఒక్కటిగా లోనికిపోయి, స్వరము అప్రయత్నముగా పుట్టినట్లుండును. కాబట్టియే అనుభవశాలియగు నాయకుడు చేయి యెత్తునపుడు తానును నోరు తెరచి వారితోపాటు ఊపిరి తీయును. ఆ సభలో అతడు చేయు గానమంతయు ఆ యొక్క ఉచ్ఛ్వాసమే.

తరువాతది ఊపిరిని దాచు విద్య. సుదీర్ఘమైన పాదమును ఎక్కడను తెగనీయక పాడవలసివచ్చినపుడు, ఏ మానవుని రొమ్మును అంత గాలిని పట్టలేదు గనుక, గాయకులు వంతులవారీగా ఊపిరి తీయుదురు. అందరును ఆగుననుకొను చోట ఎవరును ఆగరాదు. పొరుగువాడు ఊపిరి తీయుచున్నపుడు నీవు తీయరాదు. మాట నడుమ మెల్లగా తప్పుకొని, మరల వచ్చునపుడు ఎవరికిని తెలియకుండ వచ్చి కలియవలెను. చెప్పుటకు సులభముగానున్న ఈ నియమము గాయకునికి నేర్పునది మాత్రము చాల కష్టమైన సంగతి: తాను లేకున్నను పాట సాగునని నమ్ముట. ఒంటరి విద్వాంసుడు ఎన్నడును నేర్వనక్కరలేని పాఠమిది.

అచ్చులు మరియొక తగవు. "ఆ" యను అక్షరమును నలుబదిమంది నలుబది నోటిరూపములతో పలుకుదురు. ఒకని నోరు అడ్డముగా సాగును, ఒకని నోరు నిలువుగా తెరచుకొనును, ఒకడు దానిని ముక్కులోనికి పోనిచ్చును. శ్రుతి సరిగనే యున్నను వినువానికి ఏదో మసకగా తోచును. శ్రుతి తప్పినదని నాయకుడు గద్దించును, గాయకులు కలతచెందుదురు, తప్పు మరింత పెరుగును. నేర్పరియైనవాడు శ్రుతిమాట యెత్తకయే నోటిరూపమును సరిచేయును. శ్రుతి తనంతట తానే చక్కబడును.

వాద్యసహాయము లేకుండ పాడు బృందము పాట ముగియునప్పటికి శ్రుతిలో ఒక పాలు దిగజారుట లోకమంతట కల వ్యాధి. దీని మూలము గొంతులో కంటె చెవిలో అధికముగా నున్నది. అవరోహణమున మెట్టు కొంచెము ఎక్కువగా దిగుదురు, ఆరోహణమున కొంచెము తక్కువగా ఎక్కుదురు, ఒకే స్వరమును పలుమారులు పలుకవలసివచ్చినపుడు ప్రతిమారును వెంట్రుకవాసి క్రిందికి వత్తురు. "గట్టిగా పాడుడు" అనుట దీనికి మందు కాదు. పొరుగువాని గొంతు వినరానంత గట్టిగా పాడువాడు శ్రుతిని ఎప్పుడో పోగొట్టుకొన్నాడన్నమాట. అందుచేత మంచి రిహార్సలులో అధికకాలము మెల్లగా పాడుటకే చెల్లును. పెదవులు మూసి హుంకారముతో పాడించి, అడుగువరుసయగు బాస్ స్వరమును అందరును చెవియొగ్గి వినునట్లు చేసి, దానిపై క్రమముగా హెచ్చగు వరుసలైన టెనరును, ఆల్టోను, సొప్రానోను ఒక్కొక్కటిగా చేర్చుకొనుచు పోవుదురు.

అయితే ఇరువదివేలమంది నిలిచిన వేదికపై ఈ నీతి తలక్రిందులగును. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోవును; వేదికకు ఈ కొననుండి ఆ కొనకు డెబ్బది మీటర్లున్నదనుకొన్నచో ఆవలివారి గొంతు ఈవలివారికి సెకనులో అయిదవవంతు ఆలస్యముగా చేరును. చెవిని నమ్మి పాడినవాడు వెనుకబడును, వానిని విని పాడినవాడు మరింత వెనుకబడును, క్షణములో పాట యంతయు నత్తనడక పట్టును. అక్కడ చెవిని కట్టిపెట్టి కన్నును నమ్మవలెను. ఎత్తైన పీఠముపై నిలిచిన నాయకుని చేయి ఏది చెప్పిన అదియే కాలము. చిన్న బృందములో ఏండ్లతరబడి చెవిని పదునుపెట్టుకొన్నవాడే పెద్ద బృందములో దానిని నిగ్రహింపగలడనుట ఈ విద్యలోని చమత్కారము.

"నీవు పెదవు లాడించు, చాలును"

ప్రపంచములోని ప్రతి బడిలోను, వార్షికోత్సవము దగ్గరపడుచుండగా, ఎవడో ఒక పిల్లవానితో ఏ పంతులమ్మయో ఏ పంతులుగారో ఈ మాట అనియే యుందురు. స్వరము కుదరని పిల్లవాడు వరుసలో నిలిచి ఊరక నోరాడించి వచ్చును. ఆ పిమ్మట ఏబదియేండ్లు తనకు పాట రాదని చెప్పుకొనుచు బ్రతుకును. పాటనుగూర్చి అంత సులభముగా, అంత శాశ్వతముగా కలిగింపగల గాయము మరియొకటి లేదు.

ఈ మాటను అనకుండుటే బృందగానబోధనకు పునాదియని నిర్ధారణచేసి, దానిని ఒక జాతి విద్యావిధానముగా మలచినవాడు హంగేరీ స్వరకర్త జోల్తాన్ కొదాయి (1882–1967). మొదట గొంతు, తరువాతనే వాద్యము. మొదట తల్లి నోటినుండి వినిన జానపదగీతము, తరువాతనే మహాకర్తల రచనలు. చెవియు మనస్సును స్వరమును పట్టుకొన్న తరువాతనే కాగితముమీది గుర్తులు. ఇది ఆయన క్రమము. ఆయన ప్రేరణచే 1950లో కెచ్కెమేత్ అను ఆయన జన్మపట్టణమున అనుదినము సంగీతపాఠము నడచు ప్రాథమికపాఠశాల వెలసెను. రాజధానిలోని సంగీతనాటకశాలాధిపతికంటె మారుమూల పల్లెలోని పాటల పంతులే ముఖ్యుడని ఆయన వాదించెను: ఆ అధిపతి చెడ్డవాడైనచో ఒక్కడే విఫలుడై పోవును, పంతులు చెడ్డవాడైనచో ముప్పదియేండ్ల పిల్లలందరిలోను సంగీతప్రీతిని చంపివేయును. దీనిలో అతిశయోక్తి యున్నదని నే ననుకొనను.

కొదాయి మార్గమును ఎస్తోనియాకు తెచ్చి తమ భాషకు సరిపడునట్లు తీర్చినవాడు హైనో కల్యుస్తె. డో రే మీ లకు మారుగా యో, లె, మి, న, సొ, ర, ది అని ఆయన పెట్టిన అక్షరములతో తరములు తరములుగా ఎస్తోనియా పిల్లలు స్వరజ్ఞానము పొందిరి. ఇక్కడ తెలుగు పాఠకునికి చిరునవ్వు రాకమానదు. ఏ యెత్తున మొదలుపెట్టినను మొదటిది "యో"యే. స్థానము మారినను స్వరముల నడుమనున్న బంధుత్వము మారదు. మన షడ్జమము చేయుపనియు నిదియే గదా! ఎవరి శ్రుతి వారిది, ఆ శ్రుతిలో "స" మాత్రము అందరిదియు. ఐరోపా బోధకులు ఎంతయో వాదించి నిలుపుకొనవలసివచ్చిన సూత్రము మనయింట సరళీస్వరములు నేర్చు ఆరేండ్ల పిల్లకు వెన్నతో పెట్టిన విద్య.

> చేతితో చూపు స్వరములు
>
> స్వరమున కొక్కొక్క హస్తముద్రను చూపి పిల్లలచే పాడించు పద్ధతి కొదాయి పేరిట ప్రసిద్ధమైనను, దాని మూలము ఇంగ్లండులో నున్నది. నారిచ్ పట్టణమున సారా గ్లోవర్ అను ఉపాధ్యాయిని పిల్లలకై కల్పించిన అక్షరస్వరలిపిని, జాన్ కర్వెన్ (1816–1880) అను క్రైస్తవమతబోధకుడు సంస్కరించి "టానిక్ సోల్-ఫా"యని ప్రచారము చేసెను. హస్తముద్రలును ఆయన చేర్చినవే. పిడికిలి బిగించి చూపినచో ఆధారస్వరము. గీతల స్వరలిపి చదువలేని కార్మికులు, గనిపనివారు ఈ అక్షరలిపితో నాలుగువరుసల కీర్తనలు పాడిరి. క్రైస్తవమిషనరీల వెంట అది మనదేశమునకును వచ్చెను. మిజోరాములోని చర్చి బృందములు నేటికిని ఆ లిపిలోనే పాటలు చదివి పాడుకొనుచున్నవి.

గొంతు మారు వయస్సుననున్న మగపిల్లల సంగతి బోధకునికి వేరొక పరీక్ష. పండ్రెండు మొదలు పదునైదేండ్ల నడుమ వాని స్వరము నెలనెలకును దిగుచుండును. నిన్న అందిన స్వరము నేడు అందదు. "గొంతు బాగుపడిన తరువాత రమ్ము" అని పంపివేసినచో వాడు తిరిగిరాడు. మంచి నాయకుడు వానిని సొప్రానోనుండి ఆల్టోకును, ఆల్టోనుండి టెనరుకును, అవసరమైనచో నాలుగుస్వరములు మించని ప్రత్యేకమైన వరుస యొకటి వానికై వ్రాసియైనను, బృందములోనే నిలుపుకొనును.

గౌరవమును, మూల్యమును

ఇంతటి శక్తి గలవానిని ఏ ప్రభుత్వము ఊరక విడుచును? సోవియట్ యేలుబడిలో 1947 ఉత్సవమును నడిపిన ప్రధాన గాననాయకులలో అల్ఫ్రెద్ కరిందీ, తూదుర్ వెత్తిక్, రిహో పాట్స్ అను ముగ్గురును 1950లో, ఆ యేటి ఉత్సవమునకు ముందే, నిర్బంధింపబడి దూరపు శిబిరములకు పోయిరి. స్తాలిన్ మరణానంతరము వారు తిరిగివచ్చిరి. వచ్చిన రిహో పాట్స్ మరల చేపట్టినది పిల్లల సంగీతబోధనమే. పాఠశాలలలో సంగీతము నేర్పు విధానముపై ఆయన గ్రంథరచన చేసెను. నా దృష్టిలో ఈ కథ యంతటిలోను అత్యంత వీరోచితమైన పని యిది.

ఎర్నెసాక్సు విషయము ఇంత సూటిగా లేదు. ఎస్తోనియా దేశపు పురుషగాయకబృందమునకు 1944లో ప్రాణము పోసినవాడు, సంగీతకళాశాలలో గాననాయకులకు గురువు, జనుల గుండెలలో రెండవ జాతీయగీతముగా నిలిచిన పాటకు స్వరకర్త. సోవియట్ ఎస్తోనియా అధికారగీతమునకును స్వరకర్త ఆయనయే! ఒక చేత్తో ఏలికల పాటను, మరియొక చేత్తో ప్రజల పాటను వ్రాసిన ఆ మనుష్యుని ఏమనవలెను? ఊగిసలాడెననువారు కలరు. చెరలో పడిన తోటివారిని చూచిన తరువాత, ఉత్సవమే ఆగిపోవుటకంటె నాలుగు స్తోత్రములు పాడి ఐదవదిగా తమ పాటను దక్కించుకొనుట మేలని ఆయన తలచెననియు ఊహింపవచ్చును. కార్యక్రమపత్రములలో లెనిన్ పేరున్న ప్రతి ఉత్సవమును, పిల్లలు తమ భాషలో నాలుగువరుసలు పాడుట నేర్చుకొన్న ఉత్సవమే. నే నాయన పక్షముననే యుందును. నేడు ప్రాంగణపు పచ్చికపై, వేదికవైపు చూచుచు కూర్చున్నట్లు ఆయన కంచువిగ్రహము కలదు. పిల్లలు దాని ఒడిలో ఎక్కి ఆడుకొందురు.

పాట చేసినదెంత?

1988 వేసవి రాత్రులలో ఆ ప్రాంగణమునకు జనులు ఎవరును పిలువకయే వచ్చి పాడసాగిరి; ఆ సెప్టెంబరు 11న కూడినవారు సుమారు మూడులక్షలని లెక్క; అనగా నాటి ఎస్తోనియా జనాభాలో ఐదవవంతు. మరుసటి యేడు ఆగస్టు 23న ఎస్తోనియా, లాత్వియా, లిథువేనియా ప్రజలు టాలిన్ నుండి విల్నియస్ వరకు ఆరువందల కిలోమీటర్లకు పైబడి చేయిచేయి పట్టి నిలిచిరి. 1991 ఆగస్టు 20న ఎస్తోనియా తన స్వాతంత్ర్యమును పునరుద్ఘాటించెను. ఈ పరిణామమునకు "గానవిప్లవ"మని పేరు.

పాటవలననే సామ్రాజ్యము కూలెననుట కవిసమయము. మాస్కోలో ఆర్థికవ్యవస్థ చితికిపోయి, పాలకులలో పాలకులకు పొసగక పోయియుండనిచో ఎన్ని పాటలు పాడినను ట్యాంకులు ఆగియుండెడివి కావేమో. కాని మూడులక్షలమంది ఒక్కచోట గుమిగూడి, ఒక్క రాయియు విసరక, క్రమముగా ఇండ్లకు పోవుట ఏ చట్టమువలనను నేర్పరాని సంగతి. పక్కవాడు ఊపిరి తీయునపుడు తాను పాటను మోయుట నేర్చినవారికి అది అలవాటైన పని.

రెండేండ్ల సాధన, రెండుదినముల పండుగ

సాధారణముగా ఐదేండ్ల కొకసారి జరుగు ఈ ఉత్సవమునకు పాటలు ఏరి, స్వరపుస్తకములు అచ్చువేయించి, చాలముందుగనే బృందములకు చేర్చుదురు. ఊరి బృందము వారమునకొకటి రెండు సాయంకాలములు బడిలోనో గ్రంథాలయములోనో కూడి సాధనచేయును. పాడువారు నర్సులు, వడ్రంగులు, గుమాస్తాలు, పింఛనుదారులు. ఎవరికిని జీతము లేదు. పిమ్మట జిల్లాలవారీగా పెద్ద రిహార్సలులు. ప్రధాన గాననాయకులు అక్కడికి వచ్చి విని, పాటలు కంఠస్థముగా వచ్చునా, శ్రుతి నిలుచునా యని పరీక్షింతురు. తేలని బృందము ఆ యేడు ఇంటనే యుండవలెను. ఈ కాఠిన్యము నాకు నచ్చినది. అందరిని పాడనీయవలెననుటకును, ఎట్లు పాడినను ఒప్పుకొనవలెననుటకును దూరమెక్కువ.

పాత ఎస్తోనీయ జానపదగానములో ముందు పాడునది ఒక స్త్రీ. ఆమె పాదము నింక ముగింపకయే మిగిలినవారు కడపటి అక్షరములనుండి అందుకొని దానినే తిరిగి పాడుదురు. వేల్యో తోర్మిస్ (1930–2017) అను స్వరకర్త ఆ ప్రాచీనరీతిని ఆధునిక బృందగానములోనికి తెచ్చెను. మన భజనగోష్ఠిలో చిడతలు పట్టినవాడు అందింప తక్కినవారు అందుకొనుట ఎరిగినవారికి ఆ రీతి పరాయిది కాదు.

చిత్తూరున పుట్టిన శ్రీనివాసన్

మనకు బృందము లేదా? భజన కలదు, కోలాటము కలదు, బుర్రకథలో కథకునికి రెండువైపుల వంతలు కలరు, చర్చిలో ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు పాడు కోయర్ కలదు. ఐతే వీనిలో అధికభాగము అందరును ఒక్క వరుసనే పాడునవి. మన రాగము గమకముపై బ్రతుకునది. ఊగు స్వరముపై మరియొక స్వరమును నిలువుగా పేర్చినచో రెండును నలిగిపోవును. కావున హార్మొనీ మనకు పొసగదని కొందరు విద్వాంసులు తలుపులు మూసిరి.

ఆ తలుపు తట్టినవారిలో ముఖ్యుడు 1925లో చిత్తూరున జన్మించిన ఎం.బి. శ్రీనివాసన్. మలయాళచిత్రసీమలో సంగీతదర్శకుడుగా, జేసుదాసు గొంతును మొట్టమొదట సినిమాకు రికార్డు చేయించినవాడుగా ఆయనను లోకమెరుగును. ఆయన మనస్సు మాత్రము బృందగానముననే యుండెను. 1970 ప్రాంతమున వెలసిన మద్రాసు యూత్ కోయర్ ఆయన కృషి. విద్యార్థులు, ఉద్యోగులు, సంగీతశిక్షణ లేని సామాన్యులు ఆయన బృందమున పాడిరి. పాటలు భారతీయభాషలవి, బాణీలకు ఆధారము మన రాగములు. గమకము తక్కువగా నుండు స్థలములు చూచి అక్కడ మాత్రమే వరుసలను విడదీయుట, గమకము వచ్చినచోట అందరిని ఒక్క వరుసకు చేర్చుట ఇట్టి పనికి తగిన ఉపాయము. 1988లో లక్షద్వీపములకు పోయి యుండగా అక్కడనే ఆయన మరణించెను. తమిళనాటను కేరళలోను ఆయన శిష్యులు ఆ పని కొనసాగించిరి. ఆయన పుట్టిన గడ్డపై మాత్రము ఆయన పేరెరిగినవారు అరుదు. శతజయంతి సంవత్సరమును మనము దాదాపు ఎరుగకయే గడపితిమి.

ఆ లోటును తీర్చుటకు పాఠశాలలను నడుపు పెద్దలకు ఒక్క మనవి. ఈ యేడు వార్షికోత్సవమునకు బాగుగా పాడు పదిమందిని ఏరుట మాని, ఒక తరగతిని తరగతిగా తీసికొనుడు. వారమునకు రెండు పీరియడ్లు కేటాయించి, పిల్లల గొంతులపై ప్రేమయు ఓర్పును గల ఒక ఉపాధ్యాయునికో ఉపాధ్యాయినికో అప్పగింపుడు. తంబురా శ్రుతి యొకటి చాలును, కీబోర్డు అక్కరలేదు. మూడునెలలవరకు ఆ తరగతిని ఎవరియెదుటను పాడింపకుడు. ఆ తరగతిలో ఎవనితోను "నీవు ఊరక పెదవు లాడించు" అని ఎవరును అనకుండ చూడుడు.